నోరులేని దిండు

మన దగ్గర కుట్టు నేర్చుకోవడమంటే జాకెట్టు కుట్టడం నేర్చుకోవడమే. ఏ టైలరింగ్ సెంటర్‌లో చేరినా దారి అటే పోతుంది. మొదట దారం ఎక్కించకుండా ఉత్త సూదితో రూళ్ల కాగితం మీద మిషను తొక్కిస్తారు, చిల్లులు గీత మీదే పడుతున్నాయో లేదో చూడ్డానికి. కాలు కుదురుకుని, చక్రం వెనక్కి తిరిగి దారం తెగడం తగ్గాక చేతిరుమాలు, పసిపిల్లల జబ్లా, లంగా. ఆఖరికి జాకెట్టు. చేరినవాళ్లలో చాలామంది అక్కడే ఆగిపోతారు. చంక దగ్గర పట్టేసినా, మెడ జారినా, డాట్లు ఉండాల్సిన చోట లేకపోయినా తొడుక్కున్న మరుక్షణం తెలిసిపోతుంది. తొడుక్కున్న మనిషి ఊరుకోదు కూడా. “నా మంచి గుడ్డ పాడుచేశావు కదే” అన్న ఒక్క మాటకి మిషను మీద కవరు కప్పేసి, దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకోవడం మొదలుపెట్టినవాళ్లు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు.

నన్నడిగితే మొదలుపెట్టాల్సింది దిండు గలీబుతో. అందులోనూ ముక్కలు అతికి కుట్టే గలీబుతో. దిండుకి చంకల్లేవు, నడుం లేదు. ఒళ్లు చేయదు, చిక్కిపోదు. నాలుగు మూలలు, అంతే. కాస్త అటూ ఇటూ అయినా నోరెత్తదు. మా అపార్టుమెంటులో మధ్యాహ్నాలు మా హాల్లో చేరి ఈ పని నేర్చుకుంటున్నవాళ్లకి ముందుగా చెప్పేది ఇదే. అందరి మొహాల్లోనూ హమ్మయ్య అన్న ధీమా కనిపిస్తుంది. కాసేపటికి ఆ ధీమా కాస్తా పోతుంది. నోరులేని వస్తువుతో వచ్చిన చిక్కే అది: బాగుందో లేదో అది చెప్పదు, ఆ తీర్పేదో కుట్టినవాళ్లే చెప్పుకోవాలి. కత్తెర పట్టడం, మిషను తొక్కడం ఎవరికైనా వస్తాయి. ఈ తీర్పు చెప్పుకోవడం మాత్రం ఓ పట్టాన అబ్బదు.

వచ్చేవాళ్లు రకరకాలు. ఇంటి నుంచే కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే కొత్తకోడలు ఒకతె. పిల్లలు అమెరికా వెళ్లాక ఊసుపోని వదినగార్లు ఇద్దరు. బ్యాంకులో రిటైరైన అన్నయ్యగారొకరు. ఆయన మొదట్లో వాళ్లావిడని దిగబెట్టడానికి వచ్చి, పేపరు చదువుతున్నట్టు కూర్చుని, చివరికి టేపు చేతిలోకి తీసుకున్నారు. వీళ్లు కాక మా వీధి చివర జాకెట్లు కుట్టే టైలరమ్మ. లైనింగ్ జాకెట్టు మాట్లాడుతూ మాట్లాడుతూ కుట్టి పారేసే మనిషికి ఇక్కడేం పని అనుకున్నారు అందరూ. “నా దగ్గర గోతాలకి గోతాలు ముక్కలు మూలుగుతున్నాయమ్మా, ఏం చెయ్యొచ్చో చూద్దామని” అంది. అందరికన్నా బాగా కష్టపడింది ఆవిడే. ఆ సంగతి తరవాత.

ముక్కలకి మన ఇళ్లలో కరువు లేదు. వరలక్ష్మీ వ్రతానికి, అట్లతద్దికి, సీమంతానికి, గృహప్రవేశానికి తాంబూలంతో పాటు వచ్చిన రవికగుడ్డలు ఏ బీరువా తెరిచినా అడుగు అరలో దొంతరగా ఉంటాయి. మన చీరల్లో ఏ ఒక్కదానికీ సరిపడని రంగే ఎందుకొస్తుందో తెలీదు. కుట్టించుకోం, పారెయ్యం. వచ్చే శ్రావణమాసంలో ఇంకెవరికో పెట్టేస్తాం. వాళ్లు మరొకరికి పెడతారు. మడత నలగకుండా, ఒక్క సూది పోటు తినకుండా ఊరంతా తిరిగే గుడ్డ ప్రపంచంలో ఇంకోటి ఉందనుకోను. ముక్కల గలీబు సంగతి చెప్పగానే వదినగార్లు ఆ దొంతర మొత్తం పట్టుకొచ్చారు.

అందులో పనికొచ్చేవి తక్కువ. తాంబూలాల్లో పెట్టే గుడ్డల్లో పాలిస్టర్ పాలెక్కువ. అది వేళ్ల మధ్య జారిపోతుంది, వేడి ఇస్త్రీ తగిలితే ముడుచుకుపోతుంది, మడత చెప్పినట్టు నిలబడదు. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపిస్తే గుట్టు బయటపడుతుంది. నూలు పోగు కాగితంలా కాలి బూడిదై రాలిపోతుంది. పాలిస్టర్ పోగు కరిగి చివర గట్టి పూసలా గడ్డకడుతుంది. కొత్తగా కుట్టేవాళ్లు అచ్చమైన నూలు గుడ్డ తప్ప మరోటి ముట్టుకోకపోవడం మంచిది. జాకెట్లకి వాడే టూ బై టూ రూబియా, పాప్లిన్, మంగళగిరి నూలు, పోచంపల్లి ఇక్కత్, పెడన అద్దకం గుడ్డలు, చిరిగిపోని చోట కత్తిరించుకున్న పాత నేత చీరలు, మగవాళ్ల కాటన్ చొక్కాల వీపు భాగం. చొక్కా కాలరూ చేతుల అంచులూ ముందు పోతాయి గానీ వీపు ఎన్నేళ్లయినా గట్టిగానే ఉంటుంది.

ఏ గుడ్డయినా ముందు తడిపి ఆరేయాలి. కొత్త నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుదించుకుంటుంది, అందులోనూ ఒక్కొక్కటీ ఒక్కోలా. తడపకుండా కుట్టిన గలీబు మొదటిసారి ఉతగ్గానే ఒక ముక్క ముడుచుకుని, పక్క ముక్క బుంగలా లేస్తుంది. అద్దకం గుడ్డలకి రంగు దిగే గుణం కూడా ఉంటుంది. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని మా వదినగారి గట్టి నమ్మకం. నేను వాదించను. తడి గుడ్డని తెల్లటి రుమాలుతో గట్టిగా అద్ది చూడమంటాను. రుమాలు ఎర్రబడితే ఆ ఎరుపు రేపు పక్కనున్న తెల్ల ముక్కకి కూడా అంటుతుందన్నమాటే.

ఇక లెక్క. కుట్టు వచ్చినవాళ్లనీ రానివాళ్లనీ ఒకే గాటన కట్టేసేది ఈ లెక్కే. దిండు 16 అంగుళాల చదరం. అడ్డం నాలుగు, నిలువు నాలుగు ముక్కలు అతికి గలీబు కుట్టాలి. ఒక్కో ముక్క ఎంత కత్తిరించాలి? అడిగీ అడగకముందే నాలుగంగుళాలని అందరూ ఒక్క గొంతుతో అంటారు. సరే కానివ్వండి అని కుట్టిస్తే నాలుగు ముక్కల వరస 16 రావాల్సింది 14½ వస్తుంది. టేపు తప్పనుకుని ఇంకో టేపుతో కొలుస్తారు. ప్రతి అతుకు దగ్గరా అటు గుడ్డలో పావు, ఇటు గుడ్డలో పావు అంగుళం లోపలికి పోతుంది. మూడు అతుకులకి ఒకటిన్నర గల్లంతు. వెనక గుడ్డ కలిపి చుట్టూ కుట్టేటప్పుడు రెండు వైపులా ఇంకో పావు చొప్పున పోతే మిగిలేది 14. అందుకే ముక్క కత్తిరించాల్సింది 4½. నాలుగు కలిస్తే 18, అతుకులకి పోగా 16½, చుట్టుకుట్టుకి పోగా 16.

బ్యాంకు అన్నయ్యగారు ఇది ఒక్కసారి విని, “అంటే తలా అర అంగుళం టీడీఎస్ కటింగ్ అన్నమాట” అన్నారు. ఆ రోజు నుంచి మా హాల్లో ఆ పావంగుళం పేరు టీడీఎస్సే. “నా టీడీఎస్ ఎక్కువ పోయింది ఆంటీ” అంటుంది కోడలుపిల్ల, వరస పొట్టిగా వచ్చినప్పుడు.

14 అంగుళాల గలీబు 16 అంగుళాల దిండుకి ఎక్కదు. 15½ వస్తే మాత్రం దిగులక్కర్లేదు, నిజానికి అదే బాగుంటుంది. ఫైబర్ దిండుకి గలీబు అర అంగుళమో అంగుళమో చిన్నదైతేనే మూలలు నిండి బిగువుగా నిలబడుతుంది. బూరుగుదూది దిండుకైతే ఎండలో పెట్టిన రోజు ఒక కొలత, నాలుగు నెలలు ఆనుకున్నాక ఇంకో కొలత. లెక్క ఇంత కచ్చితంగా చెప్పి, తీరా దిండు దగ్గరకొచ్చేసరికి ఇలా చూసీ చూడనట్టు పొమ్మంటే అన్నయ్యగారికి మహా ఇబ్బంది. “మరైతే ఎంతవరకు తేడా రావచ్చమ్మా, లిమిట్ చెప్పు” అంటారు. లిమిట్ నేనెక్కడినుంచి తేను?

కత్తిరించడంలో ఒక మర్మం ఉంది. గుడ్డని నిలువుగా పట్టుకు లాగితే సాగదు. మగ్గం మీద బిగించిన పడుగు దారాలవి. అడ్డంగా లాగితే కొద్దిగా ఇస్తుంది, అది పేక. ఐమూలగా పట్టి లాగితే మాత్రం రబ్బరులా వచ్చేస్తుంది. జాకెట్టు మెడకి పైపింగ్ వేసేటప్పుడు టైలర్లు క్రాస్ ముక్క కావాలనేది ఆ సాగే గుణం కోసమే. మెడ వంపు తిరగాలంటే అది సాగాలి. చదరపు ముక్కకి అదే గుణం శత్రువు. పోగు వెంబడి కాకుండా కాస్త వాలుగా కత్తిరించిన ముక్క కుట్టేటప్పుడు అరనూలు అరనూలుగా సాగి, వరస చివరికొచ్చేసరికి పక్కదాని కన్నా పొడుగైపోతుంది. కొత్తవాళ్లు తమ చేతివాటం బాలేదనుకుంటారు. తప్పు చేతిది కాదు, కత్తెరది. గుడ్డ అంచున చిన్న గాటు పెట్టి చేత్తో సర్రున చించితే చిరుగు పోగు వెంబడే పోతుంది. ఆ చిరిగిన అంచు ఆధారంగా స్కేలు పెట్టి గీసుకుంటే సరి. నిక్షేపంలాంటి గుడ్డని చించమనేసరికి మా వదినగార్లకి మొదట చేతులు రాలేదు. ఇప్పుడు ఆ చప్పుడంటేనే వాళ్లకి సరదా.

మిషను పాదం అంచుని పావంగుళానికి గుర్తుగా పెట్టుకునేవాళ్లున్నారు. అన్ని పాదాలూ ఒకలా ఉండవు. సూది దిగే చోటు నుంచి పావంగుళం కొలిచి, మిషను పలక మీద మందుల షాపులో దొరికే తెల్ల ప్లాస్టరు ముక్క అంటిస్తే గోడ కట్టినట్టు ఉంటుంది. గుడ్డ అంచు దానికి ఒరుసుకుంటూ పోతే చాలు. సరిగ్గా వస్తోందో లేదో తెలియాలంటే ఒకటిన్నర అంగుళం వెడల్పున్న మూడు పేలికలు పక్కపక్కన అతకాలి. మధ్య పేలిక కచ్చితంగా ఒక్క అంగుళం కనిపించాలి. కనిపించకపోతే ప్లాస్టరు జరపాలి. ఇంతవరకూ అంతా టేపు చెప్పే తీర్పే. టేపుకి మొహమాటాల్లేవు.

ఇస్త్రీ దగ్గర మాత్రం రెండు నిమిషాలు ఆగాలి, ఈ పనిలో సగం అందం అక్కడుంది. చొక్కా ఇస్త్రీ చేసినట్టు పెట్టెని ముందుకీ వెనక్కీ రుద్దితే అతుకులు సాగి వరస వంకర పోతుంది. పెట్టెని ఎత్తి పెట్టి, కాసేపు ఆన్చి, ఎత్తి పక్కన పెట్టాలి. లోపల మిగిలిన పావంగుళం అంచులని ముదురు రంగు ముక్క వైపుకి మడవాలి. లేత ముక్క కిందకి తోస్తే పైకి నీడలా కనబడుతుంది. అన్నిచోట్లా అలా కుదరదు. ఎందుకంటే ఇంకో నియమం దానికి అడ్డొస్తుంది: మొదటి వరసలో మడతలన్నీ కుడికి పోతే రెండో వరసలో అన్నీ ఎడమకి పోవాలి. అప్పుడు రెండు వరసలూ ఎదురెదురుగా పెట్టినప్పుడు అటు గట్టు ఇటు గట్టుని ఢీకొని ఆగుతుంది. చూడక్కర్లేదు, చూపుడువేలూ బొటనవేలూ పెట్టి జరుపుతూ పోతే ఒక చోట టక్కున కూర్చున్నట్టు తెలుస్తుంది. అక్కడ గుండుసూది గుచ్చి కుట్టేస్తే విప్పి చూసేసరికి నాలుగు ముక్కల మూలలూ ఒక్క చుక్క దగ్గర కలుసుకుంటాయి. మొదటిసారి అలా కలిసినప్పుడు కోడలుపిల్ల కెవ్వుమంది. మీటింగులో ఉన్నాననీ, మైకు ఆపలేదనీ తరవాత గుర్తొచ్చింది.

రంగుల దగ్గర కథ అడ్డం తిరిగింది.

మన ఊళ్లలో మ్యాచింగ్ సెంటర్ అని ఒక సంస్థ ఉంది. సంస్థ అనే అంటాను, గుడి, బడి లాగా. గోడలనిండా నేల నుంచి కప్పు దాకా రంగుల చుట్టలు. చిలకాకుపచ్చలోనే పది రకాలు. చీర చేతిలో పట్టుకుని వెళ్తాం. దుకాణంలో కుర్రాడు చీర చెంగు చూసీ చూడగానే రెండు చుట్టలు లాగి బల్ల మీద పడేస్తాడు. మనకి నమ్మకం కుదరదు. గుడ్డనీ చీరనీ పట్టుకుని గుమ్మం దాటి రోడ్డు మీదకొచ్చి పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూస్తాం, ట్యూబులైటు మోసం చేస్తుందని. చీర అంచులో ఉన్న వంకాయరంగే జాకెట్టుకి కూడా కావాలి, దానికి అరవీసం తక్కువైనా ఎక్కువైనా పనికిరాదు. చిన్నప్పటి నుంచీ మన కంటికి జరిగిన తర్ఫీదు ఇది: రెండు గుడ్డలు ఒకలా ఉన్నాయా లేదా పట్టుకోవడం.

ముక్కల గలీబుకి ఆ కన్ను పనికిరాదు. వదినగార్లు మొదట పేర్చిన పదహారు ముక్కలూ మెరూన్, వంకాయ, ముదురాకుపచ్చ, నెమలికంఠం. ఒక్కొక్కటీ బంగారం లాంటి గుడ్డ. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే అన్నీ కలిసి ఒకే చీకటి. రంగులు వేరైనా ముదురు ఒక్కటే. పక్కపక్కన పెట్టిన ముక్కలు విడివిడిగా కనబడాలంటే ఒకటి ముదురు, ఒకటి లేత, ఒకటి నడిమిది కావాలి. కళ్లు సగం మూసి చూస్తే ఆ తేడా తెలుస్తుంది. కోడలుపిల్ల ఇంకా తేలిక ఉపాయం చెప్పింది: ఫోనులో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చేసింది. రంగులన్నీ పోయాక మిగిలింది బొగ్గు రంగు చదరం ఒకటే. వదినగారు బిక్కమొహం వేసి, “ఇందులో గళ్లేవీ?” అన్నారు. వెంటనే లేచి వెళ్లి వాళ్లాయన గీతల చొక్కా ఒకటి తెచ్చారు, ఆయనకి చెప్పకుండా.

టైలరమ్మ ఇబ్బంది అంతకన్నా లోతైనది. ఆవిడ కుట్టు గురించి చెప్పక్కర్లేదు. ప్లాస్టరు అక్కర్లేదు, మూడు పేలికల పరీక్ష అక్కర్లేదు, కంటితో చూసి పావంగుళం పోగలదు. కానీ ముక్కలు ముందు పెట్టుకుని గంటసేపు కూర్చుండిపోయేది. “ఇది ఎవరి కొలతమ్మా? ఎవరికిది?” అనడిగింది ఒక రోజు. ఎవరికీ కాదు, నీకే అన్నాను. “నాకంటే... ఎలా ఉండాలి?” ఇన్నేళ్లలో ఆవిడ చేతిలోకి కొలత లేకుండా గుడ్డ రాలేదు. ఎవరో ఒకరు పాత జాకెట్టు ఆది ఇస్తారు, మెడ డిజైను ఫోనులో చూపిస్తారు, పైపింగ్ రంగు వాళ్లే చెప్తారు. బాగుందో లేదో అద్దం ముందు వాళ్లే తేలుస్తారు. ఎవరి ఇష్టాన్నయినా నూలు తేడా రాకుండా గుడ్డలోకి దింపగల చెయ్యి, తన ఇష్టమేమిటని అడిగేసరికి ఆగిపోయింది. పని రానివాళ్ల కన్నా వచ్చినవాళ్లకే ఇది కష్టం అనిపించింది నాకు.

ఇలాంటిదే, ఇంకా పెద్ద ఎత్తున జరిగిన సంగతి ఒకటి అమెరికాలో ఉంది. అలబామా రాష్ట్రంలో నది వంపు తిరిగిన చోట జీస్ బెండ్ అనే ఊరు. పత్తితోటల్లో బానిసలుగా బతికినవాళ్ల వారసులు అక్కడి జనం. చలికాలానికి అరిగిపోయిన పని బట్టలు, ప్యాంటు కాళ్లు, పిండి సంచులు అతికి బొంతలు కుట్టుకోవడం ఆ ఆడవాళ్లకి తరతరాల అలవాటు. నల్లవాళ్లు ఓటు హక్కు కోసం పోరాడుతున్న ఆ రోజుల్లో, 1966లో, ఆ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు కలిసి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. 1972లో సియర్స్ రోబక్ అనే పెద్ద దుకాణాల కంపెనీ ఆ సంఘానికి ఒక కాంట్రాక్టు ఇచ్చింది. ఏమిటయ్యా అంటే, దిండు గలీబులు కుట్టడం. కార్డురాయ్ అనే గట్లు గట్లుగా ఉండే మందపాటి గుడ్డతో. కంపెనీకి కావలసిన గలీబులన్నీ ఒకే కొలత, ఒకే తీరు. ఏ చెయ్యి కుట్టినా ఒకలాగే ఉండాలి. ఆ కుట్టుకూలి వాళ్లకి ఎంతో అవసరం కూడా.

కార్డురాయ్ కత్తిరించగా మిగిలిన పేలికలు ఇళ్లకి చేరాయి. సాయంత్రాలు వాటితో సొంత బొంతలు కుట్టుకున్నారు. అక్కడ కంపెనీ కొలత లేదు. ముక్క పొడుగు చాలకపోతే ఇంకో రంగు ముక్క తగిలించారు, గీత వంకరపోతే వంకరగానే పోనిచ్చారు, ఎరుపు అయిపోతే నారింజ పెట్టారు. ఎవరి తీరు వాళ్లది. 2002లో హూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియం ఆ ఊరి బొంతలు గోడలకెక్కించింది. ఆ మీదట అవి న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియానికి వెళ్లాయి. వాటిలో ఈ కార్డురాయ్ బొంతలూ ఉన్నాయి. 2006లో అమెరికా తపాలాశాఖ జీస్ బెండ్ బొంతల బొమ్మలతో స్టాంపులు వేసింది. మ్యూజియం గోడకెక్కింది అందరివీ ఒకలాగుండే గలీబులు కాదు, వాటిని కత్తిరించాక మిగిలినవి. నేనిది చెప్తుంటే టైలరమ్మ ఆసక్తిగా వింది గానీ, అడిగిన ప్రశ్న వేరు: “గలీబుకి ఎంతిచ్చారట?”

అంత దూరం పోవక్కర్లేదనే వాళ్లుంటారు. నిజమే. మన బొంతలు మనకున్నాయి. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, పైన కాస్త బాగున్న చీర వేసి, పెద్ద సూదితో దూరం కుట్లు వేసుకుంటూ పోయే బొంత. పుట్టిన పిల్లల పొత్తిళ్లకి ఉతికి ఉతికి మెత్తబడ్డ నేత చీర తప్ప కొత్త గుడ్డ వాడని ఇళ్లు మన తరం వరకూ ఉన్నాయి. లంబాడా తండాల్లో ఫేటియాకీ కాంచళికీ రంగురంగుల ముక్కలూ అద్దాలూ పొదిగి కుట్టే పని ఎవరికీ తెలియనిది కాదు. పక్కనే కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లా అడవి పల్లెల్లో ఉండే సిద్దీలు, అంటే ఎప్పుడో ఆఫ్రికా నుంచి తేబడ్డవాళ్ల సంతతి, కవంది అనే బొంత కుడతారు. దాని తీరే వేరు. మనలాగా ముందు ముక్కలన్నీ అతికి ఆ తరవాత పరచరు. అడుగున చీర పరుచుకుని ఒక అంచు దగ్గర మొదలుపెట్టి, ముక్క మీద ముక్క పెట్టుకుంటూ, కుట్టుకుంటూ, చుట్టూ తిరిగి తిరిగి నడిమధ్యకి చేరతారు. మధ్యలో చివరికి ఎంత ఖాళీ మిగులుతుందో మొదట్లో లెక్క వేసుకోరు, ఆ ఖాళీకి సరిపోయే ముక్కే వెతుక్కుంటారు. నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డ పువ్వులు పెడితే గానీ కవంది పూర్తయినట్టు కాదు. మా అన్నయ్యగారికి ఈ పద్ధతి వివరిస్తే నిద్రపట్టలేదని మర్నాడు చెప్పారు.

సరే, మళ్లీ హాల్లోకి. కొత్తవాళ్లందరూ రోజూ నన్నడిగే ప్రశ్న ఒక్కటే: “విప్పాలా, ఉంచేయమంటారా?” రెండు మూలలు కలవాల్సిన చోట వెంట్రుక వాసి తప్పాయి. ఒక ముక్క మీద పువ్వు తలకిందులుగా పడింది. రెండు ఎర్రముక్కలు పక్కపక్కనే వచ్చాయి. విప్పాలా?

కుట్టు విప్పడం కూడా ఒక పనితనమే. ఒక వైపు దారాన్ని నాలుగైదు కుట్లకొకటి చొప్పున బ్లేడు మొనతో తెంపుకుంటూ పోయి, గుడ్డ తిప్పి రెండో వైపు దారం కొస పట్టుకు లాగితే ఒక్కటే పోగుగా వచ్చేస్తుంది. బరబరా గుంజితే ముక్క అంచు పీచులేస్తుంది. ఒకే అతుకు రెండుసార్లు విప్పాక మూడోసారి విప్పితే ఆ ముక్క ఇక పనికిరాదు. అంచు సాగి, పోగులు ఊడి, పావంగుళంలో సగం కూడా మిగలదు. కాబట్టి అదేపనిగా విప్పుకుంటూ పోతే బాగవుతుందనుకోవడం ఉత్త భ్రమ.

నేను తీర్పు చెప్పేది ఒక్క విషయంలోనే. అతుకు దగ్గర లోపల మిగిలిన అంచు మరీ సన్నమైతే విప్పమంటాను. పైకి చక్కగా కనబడినా సరే. మూడు ఉతుకుల్లో పోగులు జారి అక్కడ నోరు తెరుస్తుంది. మిగిలినవి బలానికి సంబంధించినవి కావు, చూపుకి సంబంధించినవి. వాటి గురించి అడిగితే, గలీబు సోఫా మీద పెట్టి గుమ్మం దగ్గరికెళ్లి చూడమంటాను. అప్పటికీ అదే కనపడుతుంటే విప్పుకోమంటాను. దీనితో ఎవరికీ తృప్తి లేదు. “మీరు చెప్పండి ఆంటీ” అంటుంది కోడలుపిల్ల. ఆఫీసులో ప్రతి పనికీ ఎవరో ఒకరు రివ్యూ చేసి సరే అనాలట, అప్పుడు గానీ అది అయినట్టు లెక్క కాదట. అన్నయ్యగారికి లిమిట్ కావాలి. వదినగార్లలో ఒకాయమ్మ వీడియో కాల్‌లో అమెరికాలో ఉన్న కూతురికి చూపించి అడుగుతుంది. ఆ పిల్ల నిద్రకళ్లతో “సూపరుందమ్మా” అంటుంది. ఆ మాట ఆవిడ నమ్మదు. నమ్మకపోవడం మంచిదే.

నేనెందుకు చెప్పనంటే, ఒకసారి చెప్తే ఇక అన్నిటికీ నన్నే అడుగుతారు. నా హాల్లో అన్ని దిండ్లూ నా కంటికి నచ్చినట్టే తయారవుతాయి. ఒక్క మనిషి అభిరుచితో నిండిన హాలు దుకాణంలాగుంటుంది. అదీగాక నా కన్ను కూడా మ్యాచింగ్ సెంటర్‌లో పెరిగిందే. ఎర్రముక్కలు రెండు పక్కపక్కన పడితే నాకూ చెయ్యి దురద పెడుతుంది. నోరు నొక్కుకుని టీ పెట్టడానికి వంటింట్లోకి పోతాను.

వెనక భాగం సులువు, గబగబా చెప్పేస్తాను. జిప్పు జోలికి పోవద్దు, కొత్తవాళ్లు మిషను మానేసేది జిప్పు దగ్గరే. 16½ పొడుగు, 11¼ వెడల్పు చొప్పున రెండు ముక్కలు తీసుకుని, ఒక్కోదానికి పొడుగు అంచు ఒకటి అంగుళం లోపలికి మడిచి కుట్టాలి. ముక్కల చదరాన్ని తిరగవేసి ఆ రెంటినీ మధ్యలో నాలుగంగుళాలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరిచి, చుట్టూ కుట్టి, మూలల దగ్గర మందం కత్తిరించి తిరగేస్తే సరి. దిండు ఆ మధ్య సందులోంచి దూరుతుంది, పైకి సందు కనపడదు. చుట్టుకుట్టు రెండుసార్లు వేస్తే పిల్లలు దిండ్లతో కొట్టుకున్నా తట్టుకుంటుంది. పడుకునే దిండుకైతే, మన దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా 17కి 27 అంగుళాలు, అది రెండో గలీబుగా పెట్టుకోవాలి. చెంపకి అతుకుల గట్లు ఒత్తుకుంటాయి కాబట్టి ముక్కల పని అంచు వరకే ఉంచి, తల ఆనే చోట ఒకే గుడ్డ వేయడం మేలు.

అందరికన్నా ఆఖరున పూర్తయింది టైలరమ్మ గలీబు. తన గోతాంలోంచి ఆవిడ ఏరింది ఖరీదైన పట్టు ముక్కలు కాదు, లైనింగ్ గుడ్డలు. జాకెట్టు లోపల ఉండి ఎవరికీ కనపడని పలచని లేత రంగులు: కోరా, బిస్కెట్, లేత గులాబి, వెలిసిన ఆకాశం. అన్నీ లేత రంగులే, ముదురు లేదు. నియమం ప్రకారం చూస్తే గళ్లు కనపడకూడదు. ఆ లేతలన్నిటి మధ్యా ఒకే ఒక్క నల్ల ముక్క పెట్టింది. అదీ మధ్యలో కాదు, కింద కుడిచేతి మూల నుంచి రెండోది. వదినగారు చూసి, “అదేమిటే, అక్కడ మచ్చలాగ? మధ్యలో పెట్టకూడదూ?” అన్నారు. “లేదమ్మగారూ, అక్కడే ఉండాలి” అంది టైలరమ్మ, ఎందుకో చెప్పకుండా. నావైపు చూడను కూడా చూడలేదు.

ఆ గలీబు ఇప్పుడు ఆవిడ కొట్టులో, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీలో ఉంది. ఎవరో కస్టమరు చూసి ముచ్చటపడి, అచ్చం అలాంటిదే ఒకటి కుట్టిపెట్టమందట. “అచ్చం అలాంటిది రాదండీ, వేరేది వస్తుంది. మీ ఇంట్లో గుడ్డలుంటే తెచ్చుకోండి” అని చెప్పి పంపిందట. ఆ కస్టమరు సంచీ నిండా రవికగుడ్డలు తెచ్చి ఎదురుగా పెట్టింది. చిక్కల్లా ఇప్పుడు రేటు దగ్గరొచ్చిపడింది. లైనింగ్ జాకెట్టుకి ఇంత, పైపింగుకి ఇంత, ఫాల్, పీకోకి ఇంత అని గోడ మీద బోర్డే ఉంది. దీనికెంత రాయాలో టైలరమ్మకీ తెలీదు, నాకూ తెలీదు. అన్నయ్యగారు మాత్రం పదహారు ముక్కలు, ఇన్ని అతుకులు అంటూ కాగితం తీసుకుని కూర్చున్నారు.